టర్న్‌టేబుల్ ముల్లు ఎలా శుభ్రం చేయాలి? మన సీమ దుమ్ములో ఇది తప్పదు

పాటలో 'స', 'శ' వచ్చినప్పుడల్లా సౌండ్ చీలినట్టు వస్తోందా? సైడ్ మొదట్లో బాగుండి చివరికొచ్చేసరికి మసకబారుతోందా? స్పీకర్లనో, బ్లూటూత్‌నో అనుమానించే ముందు ముల్లు చూడండి. కర్నూలు, కడప వైపు ఎక్కువసార్లు దొంగ అక్కడే దొరుకుతాడు.

బేతంచెర్ల, ఎర్రగుంట్ల చుట్టూ నాపరాతి గనులు, సిమెంట్ ఫ్యాక్టరీలు. పొద్దున తుడిచిన టేబుల్ మీద సాయంత్రానికి వేలితో పేరు రాయొచ్చు. దానికి తోడు పొడి గాలి. తేమ లేనప్పుడు వినైల్ మీద స్టాటిక్ చేరి దుమ్మును లాగేస్తుంది. ఎండాకాలంలో కవర్లోంచి రికార్డు తీస్తుంటేనే చిటపటమంటుంది చూడండి, అదే ఇది.

ముల్లు కొన వజ్రం కదా, దానికేమవుతుంది అనిపిస్తుంది. దెబ్బ తగిలేది రికార్డుకి. మట్టిలోని ఇసుక రేణువు వినైల్ కంటే చాలా గట్టిది. ముల్లు మోపే బరువు మామూలుగా 2 గ్రాములే, కానీ అది ఆనే చోటు వెంట్రుక మందం కూడా ఉండదు. ఆ ఒత్తిడితో రేణువు గాడిని గీసేస్తే బాగుచేయడం కుదరదు. ముల్లు ఆన్‌లైన్‌లో కొనుక్కోవచ్చు. తాత దాచిన ఘంటసాల ఎల్పీ ఎక్కడ తెస్తాం?

పని అర నిమిషమే. ముందు ఆంప్లిఫయర్ వాల్యూమ్ సున్నా చేయండి, లేదంటే స్పీకర్లో బాంబు పేలినట్టుంటుంది. మెత్తటి స్టైలస్ బ్రష్‌తో వెనక నుంచి ముందుకు, అంటే టోన్ ఆర్మ్ వైపు నుంచి మీ వైపుకు మాత్రమే లాగండి. పక్కలకు గానీ, ఎదురు గానీ వద్దు. ముల్లును పట్టుకునే సన్నటి కడ్డీ ఇట్టే వంగిపోతుంది. వేలితో ముట్టుకోవడం, నోటితో ఊదడం కూడా మానేయండి. ఎయిర్ స్ప్రే అయితే అసలే వద్దు.

జిడ్డు పట్టి గట్టిపడితే బ్రష్ కొనకు ఒక్క చుక్క ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చాలు. ఎక్కువైతే వజ్రాన్ని అతికించిన జిగురుకే ముప్పు. పూర్తిగా ఆరాకే ప్లే చేయండి. మెలమైన్ స్పాంజ్ మీద ముల్లును నిలువుగా దించి పైకెత్తడం నాకు ఇంకా నచ్చిన పద్ధతి, కాకపోతే పక్కకు లాగకూడదు.

శుభ్రమైందో లేదో మీ ఫోనే చెబుతుంది. మ్యాక్రో మోడ్ ఆన్ చేసి, టార్చ్ పక్క నుంచి కొట్టి ఫొటో తీసి జూమ్ చేయండి. కొన చుట్టూ బూడిదరంగు నూగు కనిపిస్తే మళ్లీ బ్రష్ పట్టాల్సిందే. అరుగుదల మాత్రం ఫోన్‌కు సరిగా అందదు. కంపెనీ చెప్పిన గంటలు లెక్కేసుకోవడమే మేలు, మామూలు ముల్లుకు 500 గంటలు దాటితే మార్చేయడం గురించి ఆలోచించండి.

ఇంట్లో పాత నాటక పద్యాల 78 ప్లేట్లుంటే రూలు వేరు. కీ ఇచ్చే గ్రామఫోన్‌లో ఉక్కు ముల్లును ఒక్కో వైపుకీ మార్చేయాలి, శుభ్రం చేసే ప్రశ్నే లేదు. ఎలక్ట్రిక్ టర్న్‌టేబుల్ మీదైతే 78 గాడికి వెడల్పు ముల్లు విడిగా కావాలి. ఆల్కహాల్ ఆ ప్లేట్ల దరిదాపుల్లోకి కూడా రానివ్వకండి. అవి లక్కతో చేసినవి, కరిగిపోతాయి.

అన్నట్టు, ప్లేయర్ కింద వేయడానికి ఖరీదైన ఐసొలేషన్ స్టాండ్ కొనకండి. ఓ కడప బండ ముక్క, దాని కింద నాలుగు రబ్బరు బుష్‌లు చాలు.