గుడివాడలో తొలి కచేరీ చేసిన మాండొలిన్

దివిసీమను ఉప్పెన ముంచెత్తింది 1977 నవంబర్ 19న. ఆ మరుసటి యేడు, అంటే 1978లో, గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవాల వేదిక మీద తొమ్మిదేళ్ల కుర్రవాడొకడు మాండొలిన్ పట్టుకుని కూర్చున్నాడు. మాండొలిన్ అంటే అప్పటికి మనవాళ్లకు సినిమా పాటల్లో, ఆర్కెస్ట్రాల్లో వినిపించే పరదేశపు వాద్యం. త్యాగయ్యగారి కీర్తన దాని మీద పలుకుతుందంటే పెద్దలు ఒప్పుకునే రోజులు కావవి. ఆ కుర్రవాడు ఉప్పలపు శ్రీనివాస్. నలుగురి ఎదుటా ఆయన చేసిన మొదటి కర్ణాటక కచేరీ అదే.

ఆయనది పాలకొల్లు. గుడివాడ జంక్షన్‌లో నరసాపురం బండి ఎక్కితే భీమవరం దాటాక తగిలే ఊరే. 1969 ఫిబ్రవరి 28న పుట్టారు. తండ్రి శ్రీ సత్యనారాయణ క్లారినెట్ విద్వాంసులు. ఇంట్లో ఉన్న మాండొలిన్‌ను ఆరేళ్ల పిల్లవాడు తీసి మీటుతుంటే, తండ్రి కోప్పడక కొత్తది కొనిచ్చారు. గిటారు వాయించే శ్రీ వాసూరావు పాశ్చాత్య సంగీతం రుచి చూపించారు. శాస్త్రీయ సంగీతం నేర్పింది మాత్రం చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు శ్రీ రుద్రరాజు సుబ్బరాజు. విశేషమేమంటే, సుబ్బరాజు గారికి మాండొలిన్ వాయించడం రాదు. ఆయన నోటితో పాడేవారు. శిష్యుడు విని దానిని తీగల మీద వెతుక్కునేవాడు. గొంతులోని వంపులన్నీ ఆ వాద్యంలోకి వచ్చింది అలాగే కాబోలు!

ఆ వంపులనే గమకాలంటాం. వీణలో తీగను పక్కకు లాగితే ఒక్క మెట్టు మీదనే రెండు మూడు స్వరాలు పలుకుతాయి. మాండొలిన్‌కు ఉండేవి నాలుగు జతల తీగలు. జతను లాగడం కష్టం. మీటిన నాదం కూడా టక్కున ఆగిపోతుంది. శ్రీనివాస్ విద్యుత్ మాండొలిన్ చేపట్టి, జతలు తీసివేసి, ఒంటి తీగలు అయిదు బిగించుకున్నారు. నాదం నిలిచింది, తీగ వంగింది. 1981లో మద్రాసు డిసెంబర్ కచేరీలకు వెళ్లినప్పుడు ఆయనకు పన్నెండేళ్లు.

పరదేశపు సరుకును తనదిగా చేసుకోవడం మన తీరానికి కొత్త కాదు. పారసీకుల పూలు, లతలు బందరు కలంకారీలో ఎలా కలిసిపోయాయో చూస్తూనే ఉన్నాం. వయొలిన్ మాత్రం? అదీ దొరల వాద్యమే.

1983లో బెర్లిన్ నగరపు జాజ్ ఉత్సవంలో శ్రీనివాస్ వాయించారు. జాజ్ అమెరికాలో నల్లజాతివారు పెంచిన సంగీతం. మన కల్పనస్వరాల వలె, వాయించేవాడు అక్కడికక్కడే అల్లుకుంటూ పోవాలి. దానికి ఇతర బాణీలు జోడించడాన్ని ఫ్యూజన్ అంటున్నారు. అందులో పేరు మోసిన గిటారు విద్వాంసుడు జాన్ మెక్‌లాఫ్లిన్. 1942లో ఇంగ్లండులో పుట్టారు. 1971లో మహావిష్ణు ఆర్కెస్ట్రా పెట్టారు. శ్రీ ఎస్. రామనాథన్ వద్ద వీణ నేర్చుకున్నారు. ఆ తరువాత జాకీర్ హుస్సేన్, ఎల్. శంకర్, విక్కు వినాయక్‌రామ్‌లతో 'శక్తి' బృందం కట్టారు. గమకం చిక్కు ఆయనకూ ఎదురైంది. గిటారు మెట్ల నడుమ చెక్కను పల్లంగా తొలిపించి, తీగ వంగేటట్లు చేయించుకున్నారు. అడుగున మరో ఏడు తీగలు మోగేలా అమర్చుకున్నారు. పాలకొల్లు పిల్లవాడూ, ఇంగ్లండు దొరా ఎవరి దారిన వారు ఒకే ముడి విప్పుకున్నారన్నమాట.

మెక్‌లాఫ్లిన్ అంతటితో ఆగలేదు. 1980 డిసెంబర్ 5న శాన్‌ఫ్రాన్సిస్కోలో పాకో డి లుసియా, ఆల్ డి మియోలాలతో కూర్చుని మూడు గిటార్ల కచేరీ చేశారు. పాకోది స్పెయిన్ దేశం, ఆయన విద్య ఫ్లమెంకో. దక్షిణ స్పెయిన్‌లో జిప్సీల ఇళ్లలో పెరిగిన పాట అది. చప్పట్లే తాళం, నర్తకి కాళ్లతో నేల మోగిస్తుంది. కూచిపూడి జతులు విన్న చెవికి అది బొత్తిగా పరాయిదనిపించదు.

ఆ మెక్‌లాఫ్లిన్ శక్తి బృందాన్ని మళ్లీ నిలబెట్టినప్పుడు శ్రీనివాస్‌ను పక్కన కూర్చోబెట్టుకున్నారు. అప్పటికే 1998లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. బొంబాయి కచేరీల రికార్డు 2001లో వెలువడింది. గిటారు ఒక ప్రశ్న వేస్తుంది, మాండొలిన్ బదులిస్తుంది. ఆ బదులులోనే తిరిగి ఒక చిలిపి ప్రశ్న. కీర్తనలే వినే మన పెద్దలు అది విని ఏమంటారో గాని, రాగం అడుగు తప్పిందని మాత్రం అనలేరు.

2014 ఇద్దరినీ తీసుకుపోయింది. ఫిబ్రవరి 25న పాకో. కాలేయ మార్పిడి చికిత్స అనంతరం సెప్టెంబర్ 19న చెన్నైలో శ్రీనివాస్. నిండా నలభై ఆరేళ్లు లేవు. ఆయన వద్ద నేర్చుకున్న తమ్ముడు శ్రీ రాజేష్ మాండొలిన్ విద్వాంసులే. శక్తి బృందం 2023లో వెలువరించిన రికార్డుకు 2024 ఫిబ్రవరిలో గ్రామీ బహుమతి వచ్చింది. ఆ బృందంలో శ్రీనివాస్ కూర్చున్న చోట మరో మాండొలిన్ లేదు, వయొలిన్ పెట్టుకున్నారు.