అనాసపండు గుర్తున్న హ్యాండ్‌బ్రేక్

ఎరిక్ పెటీ 2003లో హ్యాండ్‌బ్రేక్ అనే సాఫ్ట్‌వేర్ రాసింది టీవీ రికార్డింగుల కోసం కాదు. డీవీడీలోని సినిమాను మామూలు వీడియో ఫైల్‌గా మార్చుకోవడానికి, అదీ బీఓఎస్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మీద. బీఓఎస్ ఊసే ఇప్పుడు లేదు, డీవీడీలు అటకెక్కాయి, హ్యాండ్‌బ్రేక్ మాత్రం విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ ఉచితంగా నడుస్తోంది. మధ్యలో ఓ గండం గడిచింది. 2006లో పెటీ అందుబాటులో లేకపోవడంతో మరికొందరు డెవలపర్లు మీడియాఫోర్క్ పేరుతో వేరు కుంపటి పెట్టారు. తర్వాత ఆయన సరేననడంతో 2007లో పాత పేరుకే తిరిగొచ్చారు. 1.0 కూర్పు వచ్చింది 2016 డిసెంబరు 24న! తొందరపడని మనుషులు.

టీవీ రికార్డింగులు దీని దగ్గరికి ఎందుకొస్తాయో చూద్దాం. పెన్‌డ్రైవ్‌లోకి రికార్డు చేసే సెట్‌టాప్ బాక్సులు చాలావరకు గాల్లో వచ్చిన ప్రసారాన్ని ఉన్నదున్నట్టే దాచేస్తాయి. దాన్ని ట్రాన్స్‌పోర్ట్ స్ట్రీమ్ అంటారు, ఫైల్ పేరు చివర సాధారణంగా టీఎస్ అని ఉంటుంది. అందులో సమాచారమంతా 188 బైట్ల పొట్లాలుగా ఉంటుంది. ప్రతి పొట్లంలో మొదటి బైటు విలువ ఎప్పుడూ 71. వాన పడి నాలుగు పొట్లాలు పాడైనా, రిసీవర్ ఆ 71ల వరుసను పట్టుకుని మళ్లీ దారిలో పడుతుంది. ప్రసారానికి ఇంతకన్నా తెలివైన ఏర్పాటు ఉండదు. దాచుకోవడానికి మాత్రం ఇబ్బందే: సెకనుకు 4 మెగాబిట్ల ప్రసారమైతే గంటకు 1.8 గిగాబైట్లు, పైగా కొన్ని ఫోన్లు ఆ ఫైల్‌ను అసలు తెరవవు.

ఇంకో చిక్కు కూడా ఉంది. మన దేశంలో చాలా ప్రసారాలు ఒక్కో చిత్రాన్ని సరి గీతలు, బేసి గీతలుగా విడదీసి, సెకనుకు 50 సగాలు పంపుతాయి. సగానికీ సగానికీ మధ్య 20 మిల్లీసెకన్లు. క్రికెట్ ప్రసారంలో ఆ కాస్త వ్యవధిలోనే బ్యాట్ కదిలిపోతుంది కాబట్టి, కంప్యూటర్‌లో ఆపి చూస్తే దాని అంచులు దువ్వెన పళ్లలా చీలి కనిపిస్తాయి. హ్యాండ్‌బ్రేక్‌లో డీకోంబ్ అనే ఫిల్టర్ అలాంటి చిత్రాలను పసిగట్టి సరిచేస్తుంది. టీవీ ఫైళ్లకు నేను దీన్ని సిఫార్సు చేసేది ముఖ్యంగా ఇందుకే.

అయితే హ్యాండ్‌బ్రేక్ బొమ్మను ఎప్పుడూ మళ్లీ కొత్తగా కుదిస్తుంది. దానికి సమయం పడుతుంది, నాణ్యతా కొంత పోతుంది. మీ బాధ టీఎస్ అనే పెట్టె గురించే అయితే, లోపలి సరుకు కదపకుండా పెట్టె మార్చితే చాలు. ఆ పని ఫాబ్రీస్ బెల్లార్ 2000లో మొదలుపెట్టిన ఎఫ్ఎఫ్ఎంపెగ్ నిమిషాల్లో చేస్తుంది. ఆదేశాలు టైప్ చేయడమంటే విసుగైతే, దాని మీదే కట్టిన లాస్‌లెస్‌కట్ తీసుకోండి. ప్రకటనలు కత్తిరించడానికీ అదే మేలు. పెయిడ్ డీటీహెచ్ బాక్సుల రికార్డింగులకు తాళం ఉంటుంది. వాటి మీద ఈ సాఫ్ట్‌వేర్లేవీ పనిచేయవు.

ఏ సాఫ్ట్‌వేర్‌నైనా దాని సొంత సైటు నుంచే దించుకోండి, అక్కడ ఇచ్చిన చెక్‌సమ్‌తో (ఫైల్ మారలేదని తేల్చే సంఖ్యతో) పోల్చుకోండి. 2017 మేలో హ్యాండ్‌బ్రేక్ వాళ్ల డౌన్‌లోడ్ సర్వర్లలో ఒకదానిలోకి చొరబడిన దుండగులు మ్యాక్ కూర్పు స్థానంలో మాల్‌వేర్ పెట్టేశారు. ఇక రికార్డింగ్‌ను మార్చాక, కొత్త ఫైల్ చివరిదాకా ఆడుతోందో లేదో, మాటా పెదవీ కలుస్తున్నాయో లేదో చూసుకోనిదే అసలు రికార్డింగ్ చెరపకండి.