ఎముకల లెక్క: నెక్రోపొలిస్ హీరోని పెంచడం ఎలా?

తుఫాను హెచ్చరిక వచ్చి కాలేజీకి మూడు రోజులు సెలవిచ్చారు. రెండో రోజుకే హాస్టల్లో వైఫై పోయింది. నెట్ లేకుండా ఆడుకోగలిగిన ఆట మా గదిలో ఒక్కటే ఉంది, 'హీరోస్ ఆఫ్ మైట్ అండ్ మ్యాజిక్ 3'. 1999లో న్యూ వరల్డ్ కంప్యూటింగ్ వాళ్ళు తయారు చేశారు, అంటే మనలో చాలామంది కన్నా వయసులో పెద్దది. ఎంత పాత ల్యాప్‌టాప్ మీదైనా నడుస్తుంది. 'హాట్ సీట్' పెట్టుకుంటే ఒకే ల్యాప్‌టాప్ ముందు ఇద్దరు వంతులవారీగా కూర్చుని ఆడుకోవచ్చు.

నేను నెక్రోపొలిస్ తీసుకున్నాను, అంటే చచ్చినవాళ్ళ పట్నం. మా రూమ్మేటు ర్యాంపార్ట్ తీసుకున్నాడు. అడవి, విలుకాళ్ళు, నడిచే చెట్లు వాడివి. రెండో నెల మూడో వారానికి నా హీరో వెనకాల 412 అస్థిపంజరాలు. వాడి దగ్గర డెబ్భై చిల్లర గ్రాండ్ ఎల్ఫ్‌లు, కాసిని చెట్ల మనుషులు. "అయిపోయావ్ మామా" అన్నాను. పది నిమిషాల్లో అయిపోయింది నేను.

అంత సైన్యంతో ఎలా ఓడిపోయానా అని ఆ రాత్రంతా లెక్కలు వేశాను. ఆ లెక్కే ఇది.

ఆట తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. ఇందులో హీరో స్వయంగా కత్తి పట్టడు. ఏడు గడుల్లో ఏడు రకాల సైన్యాన్ని వెంటేసుకుని మ్యాప్ మీద తిరుగుతాడు. యుద్ధం వస్తే వెనక గుర్రం మీద కూర్చుని మంత్రాలు వేస్తాడు. లెవెల్ పెరిగిన ప్రతిసారీ ఎటాక్, డిఫెన్స్, స్పెల్ పవర్, నాలెడ్జ్ అనే నాలుగింట్లో ఒకటి పెరుగుతుంది. దాంతోపాటు రెండు విద్యలు చూపించి ఒకటి ఎంచుకోమంటుంది. మొత్తం 28 విద్యలుంటే ఒక హీరోకి పట్టేవి ఎనిమిదే. ఒక్కోదానికి బేసిక్, అడ్వాన్స్‌డ్, ఎక్స్‌పర్ట్ అని మూడు మెట్లు. ఒకసారి నేర్చుకున్నది మర్చిపోవడం కుదరదు. హీరోని 'బిల్డ్' చెయ్యడమంటే ఈ ఎనిమిది గడులూ తప్పు వాటితో నింపుకోకపోవడం. మనం ఎలక్టివ్‌లు ఎంచుకున్నట్టు పక్కవాడు తీసుకున్నాడని తీసుకుంటే పనికాదు.

నెక్రోపొలిస్ హీరోలందరికీ పుట్టుకతో వచ్చే విద్య నెక్రోమన్సీ. యుద్ధం గెలిచాక, చచ్చిన శత్రువుల్లో కొంత శాతం మంది అస్థిపంజరాలై లేచి మన సైన్యంలో చేరతారు. అసలు ఆటలో బేసిక్‌కి 10 శాతం, అడ్వాన్స్‌డ్‌కి 20, ఎక్స్‌పర్ట్‌కి 30. పట్నంలో నెక్రోమన్సీ యాంప్లిఫయర్ కడితే ఇంకో 10. ఇప్పుడు లెక్క చూడండి. 100 మంది సెంటార్లని చంపారనుకోండి. బేసిక్ ఉంటే పదిమంది లేస్తారు. ఎక్స్‌పర్టూ యాంప్లిఫయరూ ఉంటే నలభై మంది. పట్నంలో కర్స్‌డ్ టెంపుల్ నుంచి వారానికి మామూలుగా పుట్టే అస్థిపంజరాలు 12. వాటినైనా ఒక్కోటి 60 బంగారు నాణేలు పోసి కొనుక్కోవాలి. అంటే ఒక్క యుద్ధంతో మూడు వారాల పైచిలుకు పంట, 2400 నాణేల సరుకు ఊరికే వచ్చింది. ఆ నలభై మందితో ఇంకాస్త పెద్ద గుంపు మీద పడొచ్చు, అక్కడ ఇంకాస్త ఎక్కువ వస్తారు. చక్రవడ్డీ అన్నమాట.

లేచేవాళ్ళ లెక్క చచ్చిన తలకాయల్ని బట్టి ఉంటుంది, వాళ్ళ బలాన్ని బట్టి కాదు. కొమ్ములు తిరిగిన డ్రాగన్ ఒకటి చస్తే అదీ ఒక తలే. కాబట్టి ఈ హీరో వెతకాల్సింది పెద్ద శత్రువుని కాదు, పెద్ద గుంపుని. అలాగని మరీ అల్పప్రాణులైతే కుదరదు. అస్థిపంజరానికి ఉన్న 6 పాయింట్ల ప్రాణం కన్నా తక్కువ ఉన్నవాళ్ళని చంపితే లేచేవాళ్ళు తగ్గుతారు.

నేను చేసిన మొదటి తప్పు ఈ వడ్డీనే బలం అనుకోవడం. యుద్ధభూమి వెడల్పు 15 గడులు. అస్థిపంజరం ఒక రౌండులో నడిచేది నాలుగు. ఎదురుగా ఉన్నవాణ్ణి చేరడానికి నాలుగో రౌండు పడుతుంది. గ్రాండ్ ఎల్ఫ్ ఒక్కో వంతుకి రెండు బాణాలు వేస్తాడు. నావాళ్ళు 412 మంది బయల్దేరి చేరేసరికి సగానికి సగం రాలిపోయారు, మిగిలినవాళ్ళ కాళ్ళకి చెట్లు వేళ్ళు చుట్టేశాయి. నా హీరో గుర్రం మీద కూర్చుని చూస్తున్నాడు, ఎందుకంటే వాడి దగ్గర పనికొచ్చే మంత్రం ఒక్కటి కూడా లేదు. లెవెల్ పెరిగిన ప్రతిసారీ అఫెన్స్, ఆర్మరర్ అంటూ కండబలం విద్యలే నొక్కుకుంటూ పోయాను మరి.

ఇక్కడ మనవాళ్ళ కథ ఒకటి గుర్తు చేసుకుంటే ఆట తేలిగ్గా అర్థమవుతుంది. ఆదిపర్వంలో కచుడి కథ ఉంది కదా. దేవతలు రాక్షసుల్ని చంపుతూనే ఉంటారు, శుక్రాచార్యుడు మృతసంజీవని విద్యతో లేపుతూనే ఉంటాడు. శుక్రుడు చేసేది సొంత మనుషుల్ని లేపడం. ఆటలో దానికి సరిపోయేది నెక్రోమన్సీ కాదు, యానిమేట్ డెడ్ అనే మూడో స్థాయి మంత్రం. శత్రువు శవాన్ని మనవైపు లేపుకోవడం వేరు, మన శవాన్ని మనమే లేపుకోవడం వేరు. మొదటిది రాబడి, రెండోది నష్టం లేకుండా చూసుకోవడం. నేను రాబడి ఒక్కటే చూసుకున్నాను. రాబడి ఎంతున్నా ప్రతి పోరులోనూ సగం మందిని పోగొట్టుకునేవాడి దగ్గర వడ్డీ ఎక్కడ మిగులుతుంది?

అందుకే రెండో ఆటకి హీరోని మార్చాను. నెక్రోపొలిస్‌లో రెండు కులాల హీరోలు. డెత్ నైట్ కండబలం వైపు, నెక్రోమన్సర్ మంత్రబలం వైపు. డెత్ నైట్‌లలో ఇస్రా, నెక్రోమన్సర్లలో విడొమినా ప్రత్యేకతే నెక్రోమన్సీ. లెవెల్ పెరిగే కొద్దీ వాళ్ళ శాతం కూడా పెరుగుతుంది. ఎక్కువమంది ఓటు వీళ్ళకే. నేను మాత్రం థాంట్‌ని తీసుకున్నాను, ఎందుకంటే యానిమేట్ డెడ్ మంత్రం మొదటి రోజు నుంచే అతని పుస్తకంలో ఉంటుంది. మా భాషలో అతనే శుక్రాచార్యుడు. యుద్ధం చివర్లో శత్రువుల్లో ఒక బక్కప్రాణిని చంపకుండా మిగల్చండి. అది అటూ ఇటూ తిరుగుతుండగా మన శవాలన్నిటి మీదా మంత్రం వేసి లేపుకోండి. తర్వాత దాన్ని ముగించండి. లేచినవాళ్ళు యుద్ధం అయ్యాక కూడా ఉంటారు. మా రూమ్మేటు దీన్ని చీటింగ్ అన్నాడు. ఆటలో ఉన్న మంత్రమే కదా బావా అన్నాను.

విద్యల సంగతి. నెక్రోమన్సీ ఎటూ ఉంది, వీలైనంత త్వరగా ఎక్స్‌పర్ట్ చెయ్యాలి. విజ్డమ్ లేకపోతే మూడో స్థాయి నుంచి పై మంత్రాలు నేర్చుకోలేరు, అది తప్పదు. ఎర్త్ మ్యాజిక్ ప్రాణం. యానిమేట్ డెడ్ దాని కిందిదే. స్లో అనే మొదటి స్థాయి మంత్రం ఎక్స్‌పర్ట్ ఎర్త్‌తో వేస్తే శత్రుసైన్యం మొత్తం నడక సగానికి పడిపోతుంది. మనం వేగంగా నడవలేకపోతే వాళ్ళనీ మన నడకకి దించడమే. టౌన్ పోర్టల్ కూడా దీనిదే, ఎక్స్‌పర్ట్ అయితే కావలసిన పట్నానికి ఒక్క అంగలో చేరిపోవచ్చు. నాలుగోది లాజిస్టిక్స్, ఎక్స్‌పర్ట్‌లో నేల మీద 30 శాతం ఎక్కువ తిరుగుతాడు. ఎక్కువ తిరిగితే ఎక్కువ యుద్ధాలు, ఎక్కువ తలలు. మిగతా నాలుగింటికీ ఎయిర్ మ్యాజిక్, టాక్టిక్స్, ఆర్మరర్, అఫెన్స్ ఏది దొరికితే అది. ఈగల్ ఐ, లెర్నింగ్ కనిపిస్తే కళ్ళు మూసుకుని రెండోది నొక్కండి. లీడర్‌షిప్ మన హీరోలకి అసలు రాదు, అక్కర కూడా లేదు. చచ్చినవాళ్ళకి ఉత్సాహమూ ఉండదు, నీరసమూ ఉండదు. బతికున్న ఏ జాతిని పక్కన పెట్టినా నీరసపడేది వాళ్ళే.

ఇంకో చిన్న విషయం చాలామంది మర్చిపోతారు. మ్యాప్ మీద హీరో ఎంత దూరం తిరుగుతాడనేది సైన్యంలో అందరికన్నా నెమ్మదైనవాడి మీద ఆధారపడుతుంది. బందరు రోడ్డు మీద ముందు వరిగడ్డి ట్రాక్టరు పోతుంటే వెనక బస్సు పరిస్థితి. వాకింగ్ డెడ్ నడక మూడు గడులే. వాళ్ళని ఇంటి దగ్గర కాపలా పెట్టి వెళ్ళండి.

మొదటి రెండు వారాలే అసలు పరీక్ష. అప్పుడు పోయిన ఒక్క అస్థిపంజరం నెల తర్వాత నాలుగైదుతో సమానం. ఇక్కడో ఉపాయం. ఎవరైనా కొడితే తిరిగి కొట్టే అవకాశం ప్రతి గుంపుకీ రౌండుకి ఒక్కసారే. ఒక గడిలో ఒకే ఒక్క అస్థిపంజరాన్ని విడిగా పెట్టుకోండి. ముందు దాన్ని పంపి కొట్టించండి, శత్రువు ఆ ఒక్కదాని మీద కోపం తీర్చేసుకుంటాడు. అప్పుడు పెద్ద గుంపుని దింపండి. ఒకటి పోయి ముప్ఫై మిగులుతాయి. యుద్ధం అయ్యేసరికి లేచేవాళ్ళకి చోటు కావాలి కాబట్టి ఏడు గడులూ నింపేసుకోకుండా చూసుకోండి.

తర్వాత బంగారం దొరికిందల్లా వాంపైర్ లార్డుల మీద పెట్టండి. ఎగురుతారు, తొమ్మిది గడులు పోతారు. వాళ్ళు కొడితే శత్రువు తిరిగి కొట్టలేడు. పైగా తాగిన ప్రాణంతో తమలో చచ్చినవాళ్ళని లేపుకుంటారు. విలుకాళ్ళ పక్కన ఒక వాంపైర్ వాలితే వాళ్ళ బాణాలు ఆగిపోతాయి, చేతులతో కొట్టుకోవాలి. మొదటి ఆటలో నాకు లేనిది ఇదే. అస్థిపంజరాలు గోడ అయితే వాంపైర్లు చేతులు. చేతుల్లేని గోడని ఎంత ఎత్తు కట్టి ఏం లాభం?

ఆడేటప్పుడు కొంచెం ఇబ్బంది పెట్టిన సంగతి కూడా చెప్పాలి. మన బలం పెరిగాక మ్యాప్ మీద ఉన్న గుంపులు కొన్ని పోరాడకుండానే పారిపోతామంటాయి. వదిలెయ్యమంటారా, వెంటపడతారా అని ఆట అడుగుతుంది. ఏ ఇతర పట్నంతో ఆడినా నేను వదిలేసేవాణ్ణి. నెక్రోపొలిస్‌తో ఆడుతూ ఒక్కసారి కూడా వదల్లేదు, ఎందుకంటే పారిపోయేవాళ్ళు నాకు లెక్కలో తగ్గే ఎముకలు. ఇంకొందరు మీతో వస్తామని ఊరికే చేరతారు. వాళ్ళని పట్నానికి తీసుకెళ్ళి స్కెలిటన్ ట్రాన్స్‌ఫార్మర్‌లో వేశాను. మూడో నెలకి మా ప్రాంతం మ్యాప్ అంతా ఖాళీ. విలన్ కథ ఎవరూ నాకు చదివి వినిపించలేదు, శాతాలే నన్ను అక్కడికి నడిపించాయి. 'షాడో ఆఫ్ డెత్' అనే రెండో విస్తరణలో సాండ్రో అనే నెక్రోమన్సర్ మంచి హీరోల్ని మాయమాటలతో తిప్పి తనకి కావలసిన వస్తువులు పోగు చేయించుకుంటాడు. క్లోక్ ఆఫ్ ది అన్‌డెడ్ కింగ్ అందులోదే. అది వేసుకుంటే, ఎక్స్‌పర్ట్ నెక్రోమన్సీ ఉన్నవాడికి అస్థిపంజరాల బదులు లిచ్‌లు లేస్తారు. అది దొరికిన ఆటలో ఎదుటివాడు ల్యాప్‌టాప్ మూసెయ్యడం ఉత్తమం. అభిమానులు తయారుచేసిన 'హార్న్ ఆఫ్ ది అబిస్'లో ఈ శాతాలు తగ్గించడానికి కారణం ఊహించుకోవచ్చు.

రెండో ఆట నేను గెలిచాను. మూడోది కరెంటు వచ్చిన రోజు మొదలుపెట్టాం. ఈసారి మా రూమ్మేటు నా మీదకి రావడం లేదు. నా సరిహద్దులోకి చిన్న హీరోలని పంపి, నేను కోసుకోవాల్సిన గుంపుల్ని తనే చంపేస్తున్నాడు. దేవతలు కూడా ఇంతే కదా, రాక్షసుల్ని చంపడం మానేసి శుక్రుడి విద్య మీద పడ్డారు, కచుణ్ణి పంపారు. రెండో వారం ఐదో రోజుకి నా దగ్గర ఉన్నవి 61 అస్థిపంజరాలు, వాంపైర్లకి ఇల్లు ఇంకా కట్టలేదు. ఆట సేవ్ చేసి పెట్టాం, వంతు నాది. ఇంటర్నల్స్ అయ్యాక చూడాలి.