మెరుగూ, తరుగూ

కంసాలి దగ్గరకు నగ తీసుకుపోయిన ప్రతి ఇల్లాలికీ తరుగు అనే మాట తెలుసు. పాత గొలుసుకు మెరుగు పెట్టించి తెచ్చుకుంటే కొత్తదానివలె తళతళలాడుతుంది. కాని తూచి చూస్తే ఎంతో కొంత తగ్గే ఉంటుంది. బంగారం దగ్గర ఇంత లెక్కగా ఉండే మనమే, లక్షలు పోసి కొన్న కారును మెరుగు పెట్టించడానికి ఇచ్చేటప్పుడు మాత్రం తరుగు సంగతి అడగము. కారు రంగుకూ తరుగు ఉన్నది. బంగారమైతే మరికొంత కొని కలుపుకోవచ్చు; కర్మాగారంలో పడిన రంగు ఒక్కసారే పడుతుంది. దానిని అరగదీసుకోకుండా మెరుపు నిలుపుకోవడం ఎట్లాగన్నదే ఇక్కడ విషయం.

మొదట ఒక చిక్కు విడదీసుకోవాలి. బజారులో పాలిషింగు, వాక్సింగు అని రెండు మాటలనూ జంటగానే వాడతారు. బిల్లులో కూడా ఒకే పద్దు కింద వేస్తారు. నిజానికి అవి ఒకదానికొకటి ఎదురు పనులు. పాలిషు అనేది సన్నని రాపిడి పొడి కలిసిన ముద్ద. అది రంగు పైపొరను కొద్దిగా గీకి తీసివేస్తుంది. వాక్సు అనగా మైనం. అది ఉన్న పొర మీద మరొక పలుచని పొర పరుస్తుంది. ఒకటి తీసేది, ఒకటి పెట్టేది. ఇంత తెలిస్తే మిగతా సంగతులు వాటంతటవే విడిపోతాయి.

అసలు మెరుపు అంటే ఏమిటి? నునుపు, అంతకన్న వేరే రహస్యం లేదు. నిశ్చలంగా ఉన్న చెరువులో గట్టుమీది తాడిచెట్టు నిలువునా కనబడుతుంది. గాలికి అలలు లేచాయంటే చెట్టు చెదిరిపోతుంది. నీరు మారలేదు, నీటి ముఖం మారింది. అట్లాగే రంగు మీద వెంట్రుకవాసి గీతలు వేలకొద్దీ పడితే వెలుతురు తిన్నగా తిరిగి రాక నలుదిక్కులా చెదిరి, కారు మాసినట్లు తోస్తుంది. ఎండవేళ నల్లకారు బానెట్టు మీద సూర్యబింబం చుట్టూ సాలెగూడువంటి వలయాలు మీరు చూసే ఉంటారు. ఎవరో గుండ్రంగా రుద్దారనుకుంటాము గాని, గీతలు అన్ని వైపులకూ ఉన్నవే. వెలుతురుకు అడ్డంగా పడినవి మాత్రమే మెరిసి వలయమన్న భ్రమ కలిగిస్తాయి.

ఏటికొప్పాకలో లక్కబొమ్మలు చేసేవారికి ఈ నునుపు సంగతి తరతరాలుగా తెలుసు. తరిమెన మీద తిరుగుతున్న అంకుడు కర్రకు లక్కకడ్డీని ఒత్తితే రాపిడి వేడికి లక్క కరిగి అంటుకుంటుంది. ఆ మీదట మొగలి ఆకుతో ఒత్తి రుద్దుతారు; బొమ్మ అద్దమవుతుంది. కర్ణాటకలోని మనవారు చన్నపట్నంలో ఇదే జాతి కర్రతో, ఇదే ఆకుతో ఈ పని చూసే ఉంటారు. ఆకు బొమ్మకు కొత్త రంగు ఇవ్వదు, ఉన్న రంగు ముఖాన్ని చదును చేస్తుంది.

కారు మీద ఆ చదును చేసే పని పాలిషుది. గీత లోతుగా ఉన్నంతమేర దాని చుట్టుపక్కల రంగును కూడా దించితే గాని గీత మాయం కాదు. అంటే గీత పోలేదు, గట్లు పోయాయి. ఇందులోనే తరుగు ఉన్నది. ఎంత దించవచ్చునన్నది రంగు ఎంత మందముందో దానినిబట్టి ఉంటుంది. ఈనాటి కార్లలో రేకు మీద ప్రైమరు, దానిపైన రంగు, అన్నిటికీ పైన క్లియర్ కోటు అనే రంగులేని పొర ఉంటాయి. అన్నీ కలిపి సుమారు 100 నుంచి 150 మైక్రాన్లు. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. అందులో పై పొర 40, 50 మైక్రాన్లకు మించదు. మన తలవెంట్రుక మందం 70 మైక్రాన్ల ప్రాంతం కనుక, వెంట్రుకకన్న పలుచని తెర మీద మన మెరుపంతా ఆధారపడి ఉన్నదన్నమాట. ఎండలోని అతినీలలోహిత కిరణాలను అడ్డగించే మందులు కలిపేది కూడా ఆ తెరలోనే. గట్టి కాంపౌండు పెట్టి మిషనుతో ఒకసారి రుద్దితే అందులో కొన్ని మైక్రాన్లు పోతాయి. ఏడాదికి రెండుసార్లు చొప్పున రుద్దించుకుంటూ పోతే ఏమి మిగులుతుందో లెక్క వేసుకోండి.

రుద్దితేనే మెరుపు అన్న అలవాటు మనకు ఊరకే రాలేదు, దానికొక చరిత్ర ఉన్నది. తొలినాటి కార్లకు గుర్రపుబండ్ల వలె కుంచెతో వార్నీషు పూతలు వేసేవారు. ఒక్క కారు రంగు ముగియడానికి వారాలు పట్టేది. ఫోర్డు కంపెనీ తన మోడల్ టీ కారును 1914 నుంచి 1925 దాకా నలుపులో తప్ప అమ్మలేదు. 1923లో జనరల్ మోటార్సువారు ఓక్లాండు కారుకు డ్యూపాంటు కంపెనీ తయారుచేసిన డ్యూకో అనే కొత్త రంగు వేశారు. అది నైట్రోసెల్యులోజు లాకరు. పిచికారీతో కొట్టవచ్చు, త్వరగా ఆరుతుంది, కోరిన రంగు దొరుకుతుంది. అయితే ఆరినప్పుడు మసకగా ఉండేది. రుద్దితే గాని మెరుపు తేలేది కాదు. ఆ కాలంలో రుద్దడం రంగు వేసే పనిలో భాగమే. రంగులు మారిపోయాయి, డ్యూకో పేరు మాత్రం మన పెయింటర్ల నోట నేటికీ నిలిచింది. బీరువాకు కొట్టినా డ్యూకో పెయింటే అంటారు! పేరుతోపాటు రుద్దే అలవాటు కూడా నిలిచిపోవడమే చిక్కు.

బెరంపురంలో మా బంధువుల ఇంట తాతగారి నాటి అంబాసిడరు కారు ఒకటి ఉన్నది. 2014లో ఉత్తరపాడా కర్మాగారంలో ఆ కార్ల తయారీ నిలిచిపోయిన తరువాత ఇంటిల్లిపాదికీ దానిమీద మమకారం రెట్టింపయింది. కంపెనీ వేసిన లేత మీగడ రంగు, ఎండకు కొంచెం వెలిసిందే గాని ఎక్కడా పెచ్చు లేవలేదు. పెళ్ళికి ముస్తాబు చేద్దామని పాలిషుకు ఇచ్చారు. సాయంత్రానికి దూరం నుంచి చూస్తే అద్దమే. దగ్గరకు పోయి చూస్తే మడ్‌గార్డుల వంపుల మీద, బానెట్టు అంచుల మీద ఇటుకరంగు ప్రైమరు తొంగిచూస్తున్నది. ఊళ్ళో పేరున్న ముసలి పెయింటరును పిలిపిస్తే చుట్టూ తిరిగి చూసి, "బాబూ, రంగు కొట్టమంటే కొడతాను గాని, తాతగారి రంగు నేను తేలేను" అన్నాడు. వంపుల దగ్గర రంగు మొదటినుంచీ పలుచగానే ఉంటుంది. మిషను చక్రం ఒత్తిడి అంతా ఆ సన్నని గీతమీదే పడుతుంది. తెలిసినవాడు ఆ చోట్ల కాగితపు టేపు అంటించి, వాటిని చేత్తోనే ముగిస్తాడు.

పాత కార్లకు పైన తెర లేదు, రంగే ముఖం. మీ కారు ఏ జాతిదో తెలుసుకోవడం తేలిక. కనపడని మూల కొద్దిగా పాలిషు వేసి తెల్లగుడ్డతో రుద్దండి. గుడ్డకు కారు రంగు అంటితే పాత పద్ధతి రంగు. అంటకపోతే పైన క్లియర్ కోటు ఉన్నట్లు. అలాగే గీత మీద గోరు అడ్డంగా లాగి చూడండి. గోరు తట్టుకుంటే ఆ గీత పాలిషుకు పోయేది కాదు. పోగొట్టాలని రుద్దించడం వృథా. పై పొర పొలుసులుగా లేచిపోతున్న కారుకు కూడా ఏ పాలిషూ పనిచేయదు, మళ్ళీ రంగు వేయించడమే. మెరుపు లేకుండా కావాలనే వేసిన మ్యాటు రంగును అసలు ముట్టకూడదు.

ఇంతకూ ఆ గీతలు ఎక్కడినుంచి వస్తున్నవి? నా అభిప్రాయం అడిగితే, నూటికి తొంభై పాళ్ళు మన తుడిచే గుడ్డనుంచే అంటాను. రోడ్డు దుమ్ములో ఉన్నది ఇసుక. ఇసుక గాజును సైతం గీస్తుంది. పొడిగుడ్డతో దుమ్ము దులపడమంటే ఆ ఇసుకను రంగు మీద ఈడ్చడమే. బెంగుళూరులో, చెన్నైలో, ముంబాయిలో మనం కాపురముండే అపార్టుమెంట్లలో తెల్లవారకముందే ఒక కుర్రవాడు ఒకే బకెట్టు, ఒకే గుడ్డ పుచ్చుకుని ఇరవై ముప్పై కార్లు తుడుస్తాడు. అతనిని అని లాభం లేదు. అంత పనికి అంతే జీతం, అన్నే నీళ్ళు ఇచ్చేది మనమే. మన కారుకు వేరే మైక్రోఫైబరు గుడ్డలు రెండు ఇచ్చి, "రోజూ అద్దాలు మాత్రం తుడువు తమ్ముడూ, ఒళ్ళంతా వారానికొకసారి నీళ్ళు పోసి కడుగుదువుగాని" అంటే అతనికీ శ్రమ తగ్గుతుంది, రంగూ బతుకుతుంది. కడిగేటప్పుడు ముందు ధారాళంగా నీళ్ళు పోసి ఇసుకను పోనివ్వాలి. రెండు బకెట్లు పెట్టుకోవాలి: ఒకటి సబ్బునీటికి, ఒకటి గుడ్డ జాడించడానికి. పైకప్పుతో మొదలుపెట్టి కిందికి రావాలి. చక్రాల గుడ్డ వేరు.

కొందరు పాత డ్రైవర్లు నీళ్ళలో కాస్త కిరసనాయిలు కలిపి తుడిచేవారు. ఆ పూటకు కారు నిగనిగలాడేది, నిజమే. కాని అది ఉన్న మైనాన్ని కరిగించి, దాని బదులు దుమ్ము పట్టే జిడ్డును మిగులుస్తుంది. గిన్నెలు తోమే సబ్బు కూడా మైనాన్ని ఊడ్చుకుపోతుంది. కనుక కొత్త మైనం పూసే రోజున దానితో కడగవచ్చు, ప్రతివారం మాత్రం వద్దు. బోరునీళ్ళ ఊళ్ళలో ఇంకొక బాధ. కడిగి ఎండలో వదిలితే చుక్కచుక్కకూ సున్నపు మచ్చ పడుతుంది. నీడలో కడిగి వెంటనే ఒత్తి తుడిచేస్తే చాలు. పడ్డ మచ్చకు వెనిగరులో అంతకంత నీరు కలిపి తడిపి, నిమిషంలో కడిగేయాలి.

ఇక మైనం. కార్లకు పేరుపడ్డది కార్నౌబా మైనం. ఈశాన్య బ్రెజిలులో ఎండలకు పెరిగే ఒక తాటిజాతి చెట్టు, తన ఆకుల్లోని తడి ఆవిరైపోకుండా వాటిమీద తానే మైనం పూసుకుంటుంది. ఆకులు కోసి ఎండబెట్టి దులిపితే పొడిగా రాలుతుంది. ప్రకృతిలో దొరికే మైనాలలో ఇంత గట్టిది మరొకటి లేదంటారు. మనం మింగే మాత్రలకు మెరుపు ఇచ్చేది కూడా తరచుగా ఇదే. తేనెమైనం 62, 65 డిగ్రీల వేడికి కరిగిపోతుంది. ఇది 82 డిగ్రీలు దాటేదాకా నిలుస్తుంది. వేసవిలో నల్లకారు పైకప్పు 70 డిగ్రీలు దాటగలదు కనుక ఆ తేడా చిన్నది కాదు. అయినా మన ఎండావానలకు అది నిలిచేది ఒకటి రెండు నెలలు, మహా అయితే మూడు. నీళ్ళు పోసినప్పుడు తామరాకు మీద బొట్టులా జారితే మైనం ఉన్నట్లు. పలకలా పరుచుకుంటే పోయినట్లు. పోయిందని విచారించనక్కరలేదు. మన రంగుకు బదులు అది అరిగింది, దాని ఉద్యోగమే అది.

పూయడం ఇంట్లో ఎవరైనా చేయగల పని. కారును నీడలో పెట్టి, రేకు చల్లబడ్డాక మొదలుపెట్టాలి. కడిగి ఆరిన రంగు మీద, చేతికి పలుచని ప్లాస్టికు సంచి తొడుక్కుని తడిమి చూడండి. చేతికి తెలియని గరుకు సంచిలోనుంచి తెలుస్తుంది. గరుకుంటే క్లే అనే బంకముద్దను సబ్బునీటి తడి మీద మెల్లగా జార్చాలి, అతుక్కున్న మురికి దానికి అంటుకు వస్తుంది. ఆ తరువాత రెండడుగుల మేర ఒకసారి చొప్పున, రూపాయి బిళ్ళంత మైనం స్పంజి మీద తీసుకుని ఎంత పలుచగా వీలైతే అంత పలుచగా పూయండి. మందంగా పూస్తే ఎక్కువ రోజులు నిలవదు, తుడవడానికి రెక్కలు నొప్పి పుడతాయి. మసకబారి ఆరగానే శుభ్రమైన గుడ్డతో తుడిచివేయడమే.

దుకాణాలలో ఇప్పుడు సిరామిక్ కోటింగు ప్రచారం జోరుగా ఉన్నది. వస్తువు మంచిదే, రంగుకు అతుక్కుని గట్టిపడి, బాగా వేస్తే ఏడాదికి పైగా ఉంటుంది. కాని "9హెచ్ గట్టిదనం" అనగానే వజ్రమంత గట్టిది కాబోలు అనుకోకండి. అది పెన్సిళ్ళతో గీసి చూసే కొలత. ఇసుకగుడ్డ దానిని కూడా గీస్తుంది. పైగా దానికి ముందు పాలిషు తప్పకుండా పడతారు. ఎంత రంగు దించుతారో, మందం కొలిచే మీటరు పెట్టి చూపమని అడగడం మన హక్కు.

ఆయుధపూజకు ముందురోజు మైనం పూయడం మంచి అలవాటు. పసుపు, కుంకుమ, గంధం పొర మీదనే ఉండి నీళ్ళకు వదులుతాయి. పసుపు మచ్చ మిగిలినా రుద్దవద్దు, ఎండకు దానంతటదే వెలుస్తుంది. కుంకుమలో కృత్రిమ రంగు కలిసి ఉంటే అంత తేలికగా పోదు, ఆ సాయంత్రమే కడగాలి. పెళ్ళికారుకు పూలు కట్టేవారు టేపు అంటిస్తామంటే దారంతో కట్టమనండి. పిట్టల రెట్ట కనపడితే మర్నాటిదాకా ఉంచకుండా తడిగుడ్డ పది నిమిషాలు కప్పి, నానాక ఎత్తివేయాలి.

సముద్రపు గాలి తగిలే చెన్నై, ముంబాయి, యానాం, గోపాలపురం వంటి చోట్ల తుప్పు కిందినుంచి వస్తుంది. పైన ఎంత మైనం పూసినా దానిని ఆపలేదు. పదిహేను రోజులకొకసారి కారు అడుగుభాగం మంచినీళ్ళతో కడిగించాలి. ఎక్కడైనా గీత రేకు దాకా దిగితే ఆ వారంలోనే టచప్ రంగు పెట్టాలి. ముందు మైనం పూసి తరువాత రంగు పెడితే అంటదు. రంగు పెట్టి, బాగా ఆరనిచ్చి, మైనం ఆ పైన.