భుజం ఎంఆర్ఐ రిపోర్టులో ఏముంటుంది?

జడ వేసుకోవాలంటే చెయ్యి లేవదు. పై అరలో డబ్బా అందుకోబోతే భుజం కలుక్కుమంటుంది. అయినా "ఇండియా వెళ్లినప్పుడు చూపించుకుందాంలే" అని నెలలు గడిపేస్తాం. నా భుజానికి ఎంఆర్ఐ తీశాక రిపోర్టులోని మాటలు కొరుకుడు పడలేదు. సైన్సు చదివిన అలవాటు కొద్దీ ఒక్కొక్కటీ తెలుసుకున్నాను. నేను డాక్టర్ని కాను. మీ డాక్టరును ఏం అడగాలో తెలియడానికే ఇది.

చిరుగు ఎలా కనిపిస్తుంది?

భుజం కీలును నాలుగు కండరాల టెండన్లు చుట్టి పట్టుకుంటాయి. అదే రొటేటర్ కఫ్. ఎక్కువగా చిరిగేది పైనుండే సుప్రాస్పినేటస్. బాగున్న టెండన్ స్కాన్‌లో నల్లటి పట్టీలా ఉంటుంది. టీ2 చిత్రాల్లో నీరు తెల్లగా మెరుస్తుంది. నల్లపట్టీలో ఆ తెలుపు కొంత మందం వరకే ఉంటే పార్షియల్ టియర్, పైనుంచి కిందిదాకా ఉంటే ఫుల్ థిక్‌నెస్ టియర్. 1 సెం.మీ. లోపు చిన్న చిరుగు, 5 సెం.మీ. దాటితే చాలా పెద్దది.

'రిట్రాక్షన్' అంటే తెగిన కొస వెనక్కి లాక్కుపోయిందని. 'ఫ్యాటీ అట్రోఫీ' అంటే కండరం తగ్గి కొవ్వు చేరిందని. ఆ కొవ్వు ఆపరేషన్ చేసినా సాధారణంగా పోదు. ఆలస్యం వద్దనేది ఇందుకే.

ఒక్క బొమ్మ చూసి కంగారు పడకండి. అయస్కాంత క్షేత్రానికి దాదాపు 55 డిగ్రీల కోణంలో ఉన్నచోట బాగున్న టెండన్ కూడా కొన్ని చిత్రాల్లో తెల్లగా కనిపిస్తుంది. టీ2లో ఆ తెలుపు ఉండదు.

సిస్ట్ అంటే?

కీలు గిన్నె అంచున ఉండే లేబ్రం చిరిగితే, అక్కణ్ణుంచి ద్రవం ఊరి పక్కన నీటితిత్తిలా చేరుతుంది. అదే పారాలేబ్రల్ సిస్ట్. టీ2లో తెల్లగా, అంచులు స్పష్టంగా కనిపిస్తుంది. ఇది క్యాన్సర్ కాదు. కానీ భుజం వెనక నరాన్ని నొక్కితే, నొప్పి అంతగా లేకపోయినా చెయ్యి బయటికి తిప్పే బలం తగ్గుతుంది.

గుర్తుంచుకోండి

వయసు పెరిగేకొద్దీ నొప్పి లేనివాళ్లలోనూ చిరుగులు కనిపిస్తాయి. చాలామందికి ఫిజియోథెరపీతోనే గుణం కనిపిస్తుంది. కానీ కిందపడ్డాక చెయ్యి ఉన్నట్టుండి లేవకపోతే ఇండియా ప్రయాణం దాకా ఆగొద్దు.

స్కాన్‌కు ముందు నల్లపూసలు, మెట్టెలు, పిన్నీసులు తీసేయండి. పేస్‌మేకర్, ఒంట్లో లోహం, గర్భం ఉంటే ముందే చెప్పండి. డాక్టరును ఈ మూడూ అడగండి: చిరుగు ఎంత? కండరం ఎలా ఉంది? సిస్ట్ నరాన్ని నొక్కుతోందా?