దంపతుల వంటపాత్రల విందు: ఆతిథ్యంలో అమ్మకం – ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం:
వంటసామగ్రిని దుకాణంలో కాక ఒకరి ఇంట్లో, ఆ ఇంటివారి మిత్రులకు వండి చూపించి అమ్మే పద్ధతి ఇరవయ్యో శతాబ్దపు అమెరికాలో రూపుదిద్దుకుంది. దంపతులను జంటగా పిలిచే విందు అందులో ఒక ప్రత్యేకమైన శాఖ. ఖరీదైన పాత్రలు అమ్మేవారు భార్యతోపాటు భర్తను కూడా ఎందుకు పిలవవలసివచ్చింది, ఆ పిలుపు కొనుగోలు నిర్ణయాన్ని ఎలా మారుస్తుంది, ఆతిథేయి శ్రమకు దక్కేది ఏమిటి అనే విషయాలను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. తెలుగువారి పేరంటం, చదివింపుల ఆచారాలతో పోలిక అవసరమైనంత మేరకే చేయడం జరిగింది.

కీలక పదాలు: ప్రత్యక్ష విక్రయం, పార్టీ ప్లాన్, ఆతిథ్యం, వంటపాత్రలు, దాంపత్యం, ఋణభావం, చదివింపులు.

1. ఉపోద్ఘాతం:
అమెరికా నగర శివారులోని ఒక ఇంట్లో సాయంత్రం నాలుగైదు జంటలు భోజనానికి సమావేశమవుతాయి. వంట చేసేది ఇంటివారు కాదు. తన పాత్రలు, కత్తులు, కూరగాయలు వెంట తెచ్చుకున్న ప్రదర్శకుడు ఆ పని చేస్తాడు. క్యారెట్టు, క్యాబేజీ, బంగాళాదుంప ముక్కలను నీళ్లు పోయకుండా, నూనె వేయకుండా, మూత బిగించి సన్నని సెగమీద మగ్గిస్తాడు. అదే పొయ్యిమీద మరో పాత్రలో కేకు తయారవుతుంది. అతిథులు తింటారు, మెచ్చుకుంటారు. భోజనం ముగిసే వేళకు ధరల పట్టిక బయటకు వస్తుంది. దీనిని విందు అనాలా, అంగడి అనాలా అని అడిగితే అక్కడున్నవారెవరూ సూటిగా చెప్పలేరు. ఆ సందిగ్ధతే ఈ విక్రయపద్ధతికి ఆయువుపట్టు.

వ్యాపార పరిభాషలో దీనిని ‘పార్టీ ప్లాన్’ అంటారు. ఇందులో నలుగురు పాత్రధారులు ఉంటారు: సరుకు తయారుచేసే సంస్థ, దాని తరఫున వచ్చే ప్రదర్శకుడు లేదా ప్రదర్శకురాలు, ఇల్లు ఇచ్చే ఆతిథేయి, పిలుపు అందుకున్న అతిథులు. ప్రదర్శకులకు జీతం ఉండదు. అమ్మకం మీద కమీషను మాత్రమే ఉంటుంది. ఆతిథేయికి సాధారణంగా డబ్బు ముట్టదు. ఆ రాత్రి జరిగిన మొత్తం అమ్మకాన్ని బట్టి కొంత సరుకు ఉచితంగానో, తగ్గింపు ధరకో లభిస్తుంది. అతిథికి భోజనం దక్కుతుంది, దానితోపాటు ఒక మొహమాటం కూడా.

2. దుకాణం నుంచి ఇంటికి:
ఇల్లిల్లూ తిరిగి పాత్రలు అమ్మడం అమెరికాలో ఇరవయ్యో శతాబ్దం ఆరంభం నుంచి ఉన్నదే. వేర్ ఎవర్ అనే పేరుతో అల్యూమినియం పాత్రలు తయారుచేసిన సంస్థ వేసవి సెలవుల్లో కళాశాల విద్యార్థులను అమ్మకందార్లుగా పంపేది. ఒక్కొక్క గుమ్మం ఎక్కే బదులు ఒకే ఇంట్లో పదిమందిని పోగుచేసి వండి చూపిస్తే శ్రమ తగ్గి అమ్మకం పెరుగుతుందనే ఉపాయం ఈ అమ్మకందార్ల మధ్యనే పుట్టిందని చెప్తారు. 1931లో మాసచూసెట్స్ రాష్ట్రంలో మొదలైన స్టాన్లీ హోమ్ ప్రోడక్ట్స్ సంస్థ చీపుళ్లు, బ్రష్షులు, శుభ్రపరిచే సామగ్రి అమ్మకానికి ఇదే మార్గాన్ని పద్ధతిగా స్థిరపరచింది.

ఈ పద్ధతికి ప్రపంచఖ్యాతి తెచ్చినది టప్పర్‌వేర్. ఎర్ల్ టప్పర్ పాలిథీన్ డబ్బాలు 1940ల్లో విపణిలోకి వచ్చినప్పుడు దుకాణాల్లో అవి ఆశించినట్టు అమ్ముడుపోలేదు. మూతను నొక్కి, లోపలి గాలిని కొద్దిగా వదిలితే డబ్బా బిగుసుకుంటుందన్న సంగతి చూపించేవారు లేకపోతే కొనేవారికి అర్థం కాలేదు. స్టాన్లీ సంస్థ సరుకు అమ్మిన అనుభవం ఉన్న బ్రౌనీ వైజ్ ఆ డబ్బాలను ఇళ్లలో చూపించి అమ్మడంలో విజయం సాధించింది. ద్రవం నింపిన గిన్నెకు మూత పెట్టి గదిలో విసిరి, చుక్క కూడా ఒలకలేదని నిరూపించడం ఆమె ప్రదర్శనల్లో ప్రసిద్ధమైనది. 1951లో టప్పర్ ఆమెను సంస్థ ఉపాధ్యక్షురాలిగా నియమించి, సరుకును దుకాణాల నుంచి ఉపసంహరించాడు. 1954లో ‘బిజినెస్ వీక్’ పత్రిక ముఖచిత్రంపై కనిపించిన తొలి మహిళగా ఆమె గుర్తింపు పొందింది. 1958 ఆరంభంలో ఆమెను తొలగించారు. అదే సంవత్సరం టప్పర్ సంస్థను విక్రయించాడు. ఇంటింటి ఆతిథ్యంతో ఒక సంస్థను నిలబెట్టిన స్త్రీకి ఆ సంస్థలో వాటా లేకపోవడం ఇక్కడ గమనార్హం. ఇదే పరిస్థితి చిన్న స్థాయిలో ప్రతి ఆతిథేయి విషయంలోనూ కనిపిస్తుంది.

3. భర్తను ఎందుకు పిలవాలి?
టప్పర్‌వేర్ సమావేశం ప్రధానంగా స్త్రీలది. ఇంటిఖర్చుకు ఇచ్చిన డబ్బులోంచే గృహిణి కొనగలిగిన ధర ఆ డబ్బాలది. దాని కోసం ఎవరి అనుమతీ అక్కరలేదు. స్టెయిన్‌లెస్ స్టీల్ పాత్రల జత సంగతి వేరు. 1946లో డల్లాస్ నగరంలో మొదలైన సలాడ్‌మాస్టర్ వంటి సంస్థల పూర్తి జత ధర వేల డాలర్లలో ఉంటుంది. అంత ఖర్చు దంపతులిద్దరూ కలిసి నిర్ణయించవలసినది. భర్త లేని సమావేశంలో అతిథి నోట సహజంగా వచ్చే మాట ఒకటి ఉంది. తెలుగులోనైతే అది ‘మా ఆయన్ని అడిగి చెప్తాను’ అనే వాక్యం.

ఈ చిన్న వాక్యం చేసే పని చిన్నది కాదు. అది ఎప్పుడూ విధేయతను సూచించదు. చాలా సందర్భాల్లో ఎదుటివారిని నొప్పించకుండా కాదనడానికి స్త్రీలు వాడే మర్యాదైన తప్పుకోలు అది. కొనకూడదన్న నిర్ణయం అప్పటికే జరిగిపోయి ఉంటుంది. దాన్ని అక్కడ లేని మనిషి మీదకు నెట్టడం వల్ల స్నేహం చెడదు. భర్త కూడా అవసరమైనప్పుడు ‘ఇంట్లో అడగాలి’ అంటాడు. ఇద్దరూ ఒకరిని ఒకరు అడ్డుపెట్టుకోవడం దాంపత్యం ఇచ్చే ఒక సౌకర్యం. దంపతులను జంటగా పిలిచే విందు ఈ సౌకర్యాన్ని తొలగిస్తుంది. అడగవలసిన మనిషి పక్క కుర్చీలోనే ఉన్నాడు. వాయిదా వేయడానికి కారణం మిగలదు.

అంతేకాదు, నిరాకరణ స్వరూపమే మారుతుంది. ఒంటరిగా ఉన్న స్త్రీ వద్దంటే అది ఆమె అభిరుచి. పదిమంది ముందు భార్య ముచ్చటపడిన వస్తువును భర్త వద్దంటే అది పిసినారితనంగానో, భార్య శ్రమ పట్ల నిర్లక్ష్యంగానో కనిపించే ప్రమాదం ఉంది. భార్య వద్దంటే భర్త ఆర్జనను తక్కువ చేసినట్టు ధ్వనించవచ్చు. వారిద్దరి మధ్య నాలుగు గోడల నడుమ జరగవలసిన చర్చ ఇతర జంటల సమక్షంలో, కళ్లతోనే, క్షణాల్లో జరిగిపోవాలి. పక్కజంట కొన్నదన్న సంగతి కూడా ఆ చర్చలో పాలుపంచుకుంటుంది. ప్రదర్శకుడు బలవంతపెట్టవలసిన అవసరం లేదు. కూర్చోబెట్టిన తీరే ఆ పని చేస్తుంది.

అయితే జంటవిందులన్నీ ఒకే తీరువి కావు. 1980లో చికాగో శివారులో డోరిస్ క్రిస్టఫర్ ప్రారంభించిన పాంపర్డ్ చెఫ్ సంస్థ కత్తులు, గరిటెలు, కాల్చే పళ్లేలు వంటి సాధారణమైన పనిముట్లను అతిథుల ఎదుట వాడి చూపించి అమ్మింది. జీవితబీమా పాలసీ మీద తెచ్చిన 3,000 డాలర్ల అప్పుతో మొదలైన ఆ సంస్థను 2002లో బెర్క్‌షైర్ హాథవే కొనుగోలు చేసింది. ఇటువంటి చౌక సామగ్రి విందుకు భర్తను పిలిచినప్పుడు అతడు ధర నిర్ణయించేవాడుగా కాక, తానూ కూరలు తరిగి చూసే ఔత్సాహికుడుగా ఉండే అవకాశం ఎక్కువ. వంటగది స్త్రీ ఒక్కతెదే అన్న భావన ఆ గంటసేపు సడలుతుంది. ఈ మేలును కాదనడం న్యాయం కాదు. భర్తను ధనాధికారిగా పిలిచారా, వంటలో భాగస్వామిగా పిలిచారా అన్నది సరుకు ధరను బట్టి తేలుతుంది.

4. వంటసోడా పరీక్ష:
ఖరీదైన పాత్రల ప్రదర్శనల్లో తరచుగా కనిపించే ఘట్టం ఒకటి ఇక్కడ వివరించదగినది. ప్రదర్శకుడు అల్యూమినియం పాత్రలోనూ, తన స్టీలు పాత్రలోనూ నీళ్లు పోసి, చెంచా వంటసోడా వేసి మరిగిస్తాడు. చల్లారిన తరువాత రెండింటినీ అతిథుల చేత రుచి చూపిస్తాడు. మొదటిది వెగటుగా ఉంటుంది. ‘మీ పిల్లలు రోజూ తింటున్నది ఇదే’ అన్న భావం కలిగేలా మాట సాగుతుంది.

ఇందులో రసాయనశాస్త్రం ఉంది, కానీ పూర్తిగా లేదు. మరిగినప్పుడు వంటసోడా క్రమంగా సోడియం కార్బొనేటుగా మారుతుంది. అది మరింత గాఢమైన క్షారం. అల్యూమినియం ఉపరితలాన్ని కాపాడే ఆక్సైడు పొర క్షారంలో కరుగుతుంది. అందుచేత లోహం కొంత నీటిలోకి చేరడం నిజం. నిత్యం వండే పదార్థాలు అంతటి క్షారాలు కావు. పులుసులు ఆమ్లాలు. ఆమ్లం కూడా అల్యూమినియాన్ని కొంతమేరకు కరిగిస్తుంది గాని, ఈ పరీక్ష చూపేది ఆ పరిమాణాన్ని కాదు. తెలుగు గృహిణికి ఈ విషయంలో ప్రదర్శకుడి బోధ అక్కరలేదు. కళాయి లేని ఇత్తడిగిన్నెలో చింతపండు పులుసు కాచకూడదని, కాస్తే చిలుము దిగుతుందని తరతరాలుగా తెలుసు. ఆ జ్ఞానానికి పరిష్కారం కళాయిపూత. ప్రదర్శనలో చూపే భయానికి పరిష్కారం మాత్రం కొత్త పాత్రల జత ఒక్కటే. ఇంట్లో ఉన్న పాత్రను బాగుచేసుకునే మార్గం ఆ సాయంత్రపు ప్రసంగంలో చోటుచేసుకోదు.

5. ఆతిథేయి ఋణం – పేరంటం, చదివింపులు:
కొనుగోలుకు కారణం వస్తువా, మనిషా అన్న ప్రశ్నను పరిశోధకులు సూటిగానే పరిశీలించారు. జొనథన్ ఫ్రెంజెన్, హ్యారీ డేవిస్ 1990లో ప్రచురించిన అధ్యయనం గృహవిక్రయ సమావేశాలను తీసుకొని, కొనేవారికీ ఆతిథేయికీ ఉన్న బంధం ఎంత గట్టిది, అతిథి ఆమెకు ఎంత ఋణపడి ఉంది అనేవి కొనే అవకాశాన్ని గణనీయంగా ప్రభావితం చేస్తాయని చూపింది. నికోల్ బిగ్గార్ట్ 1989లో వెలువరించిన గ్రంథం ప్రత్యక్ష విక్రయ సంస్థలు కుటుంబ, స్నేహబంధాలను అడ్డంకులుగా కాక వ్యాపార సాధనాలుగా వాడుకునే తీరును విశ్లేషించింది. కానుకలో తిరిగి ఇవ్వవలసిన బాధ్యత ఇమిడి ఉంటుందన్న మార్సెల్ మాస్ సిద్ధాంతం 1925 నాటిది. ఈ మూడింటినీ కలిపి చదివినప్పుడు విందుభోజనం ధరలేనిది కాదని స్పష్టమవుతుంది.

తెలుగు సమాజానికి ఈ తర్కం కొత్తది కాదు. పేరంటానికి పిలిచిన ఇంటికి వెళ్లడం, తాంబూలం పుచ్చుకోవడం, తమ ఇంట పేరంటం జరిగినప్పుడు వారిని తప్పక పిలవడం ఒక వలయం. పెళ్లిళ్లలో చదివింపులను పుస్తకంలో రాసి ఉంచడం మరింత స్పష్టమైన ఉదాహరణ. ఎవరు ఎంత చదివించారో చూసుకొని, వారింట శుభకార్యానికి తగినట్టు చదివిస్తారు. లెక్క ఉంది, మొహమాటం ఉంది, ఒక్కోసారి భారం కూడా ఉంది. అయినా ఆ పైకం రెండు కుటుంబాల నడుమనే తిరుగుతుంది. ఈరోజు ఇచ్చినది రేపు తిరిగివస్తుందన్న భరోసా ఉంటుంది.

వంటపాత్రల విందులో ఈ వలయం తెగుతుంది. అతిథి ఋణపడినది ఆతిథేయికి, తీర్చేది సంస్థకు. స్నేహితురాలి భోజనానికి బదులుగా చెల్లించిన డబ్బులో అధికభాగం ఎవరికీ పరిచయం లేని చోటికి చేరుతుంది. ఆతిథేయికి దక్కే కానుక ఆ మొత్తంలో చిన్నభాగం. ఇల్లు ఊడ్చి, పిలుపులు పిలిచి, కుర్చీలు సర్ది, చివర ఎంగిలి పళ్లేలు కడిగిన శ్రమకు కూలి ఎక్కడా లెక్కకు రాదు.

ఈ పద్ధతి మరో విందుతో గాని ముందుకు సాగదు. ప్రతి విందులోనూ ఇంకో ఇంట్లో తేదీ ఖాయం చేసుకోవడం ప్రదర్శకుల మొదటి పని. ఉదాహరణకు ఒక స్నేహబృందంలో ఇరవై జంటలున్నాయనుకుంటే, విందుకు అయిదు జంటల చొప్పున నాలుగు విందుల్లో ఆ బృందం పూర్తవుతుంది. అయిదో విందుకు వచ్చేవారు పాతవారే. వారి ఇళ్లలో పాత్రలు అప్పటికే ఉన్నాయి. ఇకపై పిలుపు అందగానే విషయమేమిటని అనుమానించడం మొదలవుతుంది. ఊరుకాని ఊళ్లో ఉన్నవారికి ఇది మరింత బరువైన నష్టం. అమెరికాలోని తెలుగు కుటుంబాల ఇళ్లలో చీరలు, నగలు చూపించి అమ్మడం తెలిసినదే. బంధువులు దగ్గర లేని చోట ఆపదకు ఆదుకునేది ఆ పదీపదిహేను కుటుంబాలే కాబట్టి, పిలిస్తే వెళ్లకపోవడమూ కష్టం, వెళ్లి కొనకపోవడమూ కష్టం.

6. చట్టం చూపు:
టప్పర్‌వేర్ 1996లో భారతదేశంలో అడుగుపెట్టింది. ఆ తరువాత వచ్చిన ప్రత్యక్ష విక్రయ సంస్థల్లో, సరుకు అమ్మకం కన్నా కొత్త సభ్యుల చేరికకే ప్రతిఫలం దక్కే పద్ధతులు వివాదాస్పదమయ్యాయి. 2007లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆమ్‌వే వ్యవహారంలో, ఆ సంస్థ పథకం 1978 నాటి ధనచలామణి పథకాల నిషేధ చట్టం పరిధిలోకి ప్రథమదృష్ట్యా వస్తుందని అభిప్రాయపడింది. విందులో పాత్ర కొనడం, విక్రేతల శ్రేణిలో చేరడం వేర్వేరు విషయాలు. ఆతిథేయిని తరువాతి ప్రదర్శకురాలిగా మార్చే ప్రయత్నం జరిగినప్పుడు మాత్రం మొదటిది రెండోదానికి వాకిలి అవుతుంది.

అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1972లో రూపొందించిన నిబంధన ప్రకారం ఇళ్లలో జరిగిన ఇటువంటి కొనుగోలును మూడు పనిదినాల్లోగా రద్దు చేసుకోవచ్చు. విందులో మింగేసిన ‘ఆలోచించి చెప్తాం’ అన్న మాటను చట్టం ఆ విధంగా దంపతులకు తిరిగి ఇచ్చింది. కానీ రద్దు చేస్తే ఆతిథేయికి రావలసిన కానుక తగ్గవచ్చునని అతిథికి తెలుసు. భారతదేశంలో 2021 డిసెంబరులో వెలువడిన వినియోగదారుల రక్షణ (ప్రత్యక్ష విక్రయ) నియమాలు విక్రేత గుర్తింపుపత్రం లేకుండా, ముందస్తు అనుమతి లేకుండా వినియోగదారు ఇంటికి వెళ్లరాదని నిర్దేశించాయి. విందులో ఆ అనుమతి ఇచ్చేది ఆతిథేయి, కొనేది ఆమె అతిథులు. పునరాలోచన గడువును ఈ నియమాలు నిర్వచించినది విక్రేతగా చేరినవారు తమ ఒప్పందం నుంచి తప్పుకోవడానికి. సంస్థకు, విక్రేతకు అందులో నిర్వచనాలున్నాయి. ఇల్లు ఇచ్చి, మిత్రులను పిలిచిన ఆతిథేయికి లేదు.