ఇంటి కుట్టు.. చంటిబిడ్డకు మెత్తన, ఇల్లాలికి ఆసరా
పిల్లల దుస్తులు, గుడ్డబొమ్మల తయారీలో మెలకువలు, జాగ్రత్తలు, నిబంధనలు

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ: ఇంట్లో కాన్పు దగ్గరపడుతోందంటే ఒకప్పుడు అమ్మమ్మో నాయనమ్మో ముందుగా వెతికేది పాత నూలు చీర కోసమే. ఉతికి ఉతికి మెత్తబడిన ఆ చీరే పొత్తిగుడ్డలయ్యేది, జుబ్బాలయ్యేది, బొంతయ్యేది. చివరికి మిగిలిన పేలికలు గుడ్డబొమ్మ కడుపులోకి చేరేవి. నేడు ఆ స్థానాన్ని రెడీమేడ్ దుస్తులు, ప్లాస్టిక్ బొమ్మలు చాలావరకు ఆక్రమించాయి. అయినా ఈ మూడు పట్టణాల వీధుల్లో, చుట్టుపక్కల పల్లెల్లో కుట్టుమిషన్ చప్పుడు ఆగలేదు. జాకెట్లు, పీకో, ఫాల్ పనులతో ఇల్లు నెట్టుకొస్తున్న మహిళలకు కొదవలేదు. చేతిలో ఉన్న ఆ విద్యనే పిల్లల దుస్తులు, మెత్తటి బొమ్మల వైపు మళ్లిస్తే మేలేమిటి? పాటించవలసిన జాగ్రత్తలేమిటి? బొమ్మలు అమ్మాలంటే చట్టం ఏం చెబుతోంది? ఈ అంశాలపై కథనమిది.

పాత గుడ్డ వెనుక పెద్దల లెక్క

పురుడు వెళ్లేదాకా పసికందుకు కొత్త బట్ట తొడగని ఆనవాయితీ మన ప్రాంతంలో చాలా ఇళ్లలో ఉంది. దీన్ని కేవలం నమ్మకంగా కొట్టివేయడానికి లేదు. కొత్త గుడ్డలో గంజి, అద్దకపు రంగు, బట్ట నిగనిగలాడేందుకు పట్టించిన పూతలు ఉంటాయి. పుట్టిన బిడ్డ చర్మం ఎంతో పలుచన. పలుమార్లు ఉతికిన నూలుగుడ్డలో ఆ గంజీ పూతా పోయి, చెమటను పీల్చుకునే గుణం మిగులుతుంది. మే నెలలో ఎండ 44, 45 డిగ్రీలను తాకే సూర్యాపేట, నల్గొండ జిల్లాల్లో ఈ గుణానికి ఎంత విలువ ఉందో తల్లులకు తెలియనిది కాదు. తళుకుల నెట్ గౌన్లు, జరీ అంచుల లంగాలు ఫొటోకు బాగుంటాయి గానీ మెడ దగ్గర, చంకల్లో ఒరుసుకుని పిల్లలను ఏడిపిస్తాయి. అటువంటివి కుట్టవలసి వచ్చినప్పుడు లోపల పూర్తిగా నూలు అస్తరు వేయాలి.

కొత్త గుడ్డనే వాడితే, కత్తెర పెట్టడానికి ముందు రాత్రంతా నీళ్లలో నానబెట్టి ఆరవేయడం తప్పనిసరి. నూలుగుడ్డ మొదటి ఉతుకులో ముడుచుకుంటుంది. తడపకుండా కుట్టిన గౌను ఒక్క ఉతుకుకే బిగుతవుతుంది. రంగు దిగే గుడ్డ ఏదో కూడా ఆ నీళ్లలోనే బయటపడుతుంది. పసిపిల్లలు తొడుక్కున్న బట్టను నోట్లో పెట్టుకుని చప్పరిస్తారు కనుక రంగు దిగే గుడ్డను పక్కన పెట్టడమే మంచిది.

కొలతల్లోనే అసలు కిటుకు

పెద్దవారి కొలతలను చిన్నవి చేసినంత మాత్రాన పిల్లల బట్ట కాదు. పెద్దల్లో తలకంటే ఛాతీ చాలా పెద్దది. పసిపిల్లల్లో అలా ఉండదు. పుట్టినప్పుడు తల చుట్టుకొలత 34, 35 సెం.మీ. ఉంటే, ఛాతీ అంతకు సుమారు 2 సెం.మీ. తక్కువే ఉంటుంది. ఏడాది నిండేసరికి రెండూ దాదాపు సమానమై 46 సెం.మీ.కు, అంటే 18 అంగుళాలకు చేరతాయి. కాబట్టి ఛాతీకి సరిపోయిన గౌను తల దాటకపోవచ్చు. కుట్టడం కొత్తగా నేర్చినవారు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. మెడ చుట్టు తలకంటే ఒక అంగుళమైనా ఎక్కువ ఉండాలి, లేదా భుజం మీదో వీపు మీదో తెరుచుకునే వీలు ఉండాలి. పాతకాలపు జుబ్బాకు ముందువైపు తెరిచి పొట్టి ముళ్లు పెట్టడంలోని ఉద్దేశం ఇదే. మెడ నిలవని బిడ్డకు తల మీదుగా బట్ట దించవలసిన పని లేదు.

ఛాతీ కొలతకు నాలుగు అంగుళాలు వదులు కలపాలి. ఏడాది పిల్లకు ఆ లెక్కన గౌను చుట్టుకొలత 22 అంగుళాలు అవుతుంది. నెలల బిడ్డకు కుట్టు అంచులు చర్మానికి తగలకుండా జుబ్బాను తిరగవేసి, అంచులు బయటికి వచ్చేలా తొడిగే పద్ధతి ఇప్పటికీ కొందరు పాటిస్తున్నారు. చూడ్డానికి వింతగా ఉన్నా బిడ్డకు అదే సుఖం.

ఒక మడత ఎక్కువ పెడితే ఏడాది నడుస్తుంది

బిడ్డ మొదటి ఏడాదిలో సుమారు 25 సెం.మీ., రెండో ఏట 12 సెం.మీ. వరకు పొడుగవుతుంది. మూడు, నాలుగేళ్లు దాటాక ఏడాదికి 6, 7 సెం.మీ. చొప్పున పెరుగుతుంది. అంటే నాలుగేళ్ల పాప లంగాకు అడుగున రెండున్నర అంగుళాల గుడ్డను లోపలికి మడిచి కుడితే, మరుసటి సంవత్సరం ఆ మడత విప్పి మరో ఏడాది తొడగవచ్చు. మడతను మిషన్ మీద గట్టిగా కాక చేతితో తురపాయి వేస్తే విప్పినప్పుడు గుర్తు పడదు. భుజాల దగ్గర, పక్కల్లో అర అంగుళం గుడ్డ అదనంగా వదలాలి. రెడీమేడ్ దుస్తుల్లో గుడ్డ పొదుపు కోసం ఈ మిగులు వదలరు. ఇంటి కుట్టుకు ఉన్న పెద్ద ఆధిక్యం ఇదే.

గుడ్డబొమ్మ కుట్టే తీరు

బొమ్మల పేరు చెబితే మనకు కొండపల్లి, నిర్మల్, ఏటికొప్పాక గుర్తుకొస్తాయి. అవన్నీ కర్రబొమ్మలు. వాటికి ప్రత్యేకమైన కలప, ఉలి, లక్కరంగుల పని కావాలి. గుడ్డబొమ్మకు మాత్రం సూది, దారం, కట్‌పీసు చాలు. మిర్యాలగూడ, దామరచర్ల పరిసరాల తండాల్లోని లంబాడా మహిళల అల్లికపని, భూదాన్ పోచంపల్లి, పుట్టపాక ఇక్కత్ వస్త్రాల మిగులు ముక్కలు బొమ్మల లంగాలకు, టోపీలకు ఎంతో అందాన్నిస్తాయి.

పది అంగుళాల బొమ్మకు ముందుగా కాగితంపై తల, మొండెం, చేతులు, కాళ్లు కలిసిన ఆకారం గీయాలి. గుడ్డను రెండు పొరలుగా, తప్పువైపు పైకి వచ్చేలా మడిచి ఆకారాన్ని దించాలి. ముఖం మీది కళ్లు, నోరు ఈ దశలోనే పైపొర మంచివైపున దారంతో కుట్టుకోవాలి. తర్వాత గీత వెంట చిన్నచిన్న కుట్లతో మిషన్ వేసి, పక్కన రెండంగుళాల సందు వదిలేయాలి. అదే గీతపై రెండోసారీ కుట్టు వేయాలి. చేతితో కుట్టేవారు కచ్చా కుట్టుతో సరిపెట్టక బఖియా వేయాలి. పావు అంగుళం వదిలి బయటి గుడ్డ కత్తిరించి, మెడ, చంకల వంపుల్లో కుట్టు తెగకుండా చిన్న గాట్లు పెట్టాలి. ఈ గాట్లు లేకపోతే తిప్పినప్పుడు వంపుల్లో ముడతలు పడతాయి. మొద్దు పెన్సిల్‌తో ఆకారాన్ని తిరగవేసి, కాళ్లూ చేతులతో మొదలుపెట్టి కొద్దికొద్దిగా కూరుస్తూ రావాలి. మెడలో గట్టిగా కూరకపోతే తల వాలిపోతుంది.

కూర్చే సరుకు విషయంలోనూ తేడాలున్నాయి. దూది ఉతికితే గడ్డకడుతుంది, లోపల ఆరక ముక్కవాసన వస్తుంది. పేలికలు బొమ్మను బరువెక్కిస్తాయి. దిండ్లలో వాడే పాలిస్టర్ దూది త్వరగా ఆరుతుంది. ఏది వాడినా శుభ్రమైనదై ఉండాలి. పాత పరుపుల్లోని దూదిని పిల్లల బొమ్మల్లో కూరరాదు.

ప్రాణం మీదికి తెచ్చే పొరపాట్లు

మూడేళ్లలోపు పిల్లలు చేతికందిన ప్రతిదాన్నీ నోట్లో పెట్టుకుంటారు. ఊడిన గుండీ ఒక్కటి గొంతులో అడ్డుపడితే ఊపిరి ఆగుతుంది. కాబట్టి అందం కంటే భద్రతే ముందు.

* కళ్లకు గుండీలు, పూసలు, అద్దాలు, గవ్వలు కుట్టరాదు. దారంతోనే అల్లాలి. బొమ్మల భద్రతా ప్రమాణాల్లో చిన్న భాగాల పరీక్షకు వాడే గొట్టం వ్యాసం 31.7 మి.మీ. మన పది రూపాయల నాణెం వ్యాసం 27 మి.మీ. అంటే ఆ నాణెమంత గుండీ సైతం ప్రమాదకరమే.
* మెత్తటి బొమ్మ కుట్టు 70 న్యూటన్ల లాగుడుకు, అంటే సుమారు 7 కిలోల బరువుకు, తెగకుండా ఉండాలి. రెండు చేతులతో గట్టిగా లాగినప్పుడు కుట్టు మధ్య సందు కనిపిస్తే ఆ బొమ్మ పిల్లకు ఇవ్వరాదు.
* చంటిపిల్లల బొమ్మలకు జానెడు, అంటే 22 సెం.మీ., మించిన తాడు ఉండరాదు. దుస్తులకు మెడ దగ్గర నాడా పెట్టరాదు.
* గుండుసూదులు లెక్కపెట్టి వాడి, లెక్కపెట్టి డబ్బాలో వేయాలి. సూది విరిగితే ముక్కలన్నీ దొరికేవరకు ఆ బట్టను పక్కన ఉంచాలి. దుస్తుల ఫ్యాక్టరీల్లో పాటించే నియమమిది. కుట్టు ముగిశాక అయస్కాంతంతో ఒకసారి తడిమి చూడడం మరీ మంచిది.
* ఏడాదిలోపు బిడ్డ నిద్రించే చోట మెత్తటి బొమ్మలు, దిండ్లు ఉంచరాదు. ముఖంపై పడితే పక్కకు నెట్టుకునే శక్తి పసికందుకు ఉండదు.

అమ్మాలంటే ఐఎస్‌ఐ ముద్ర

సొంత బిడ్డకు కుట్టి ఇచ్చే బొమ్మకు ఏ ముద్రతోనూ పనిలేదు. అమ్మకం మొదలైతే లెక్క మారుతుంది. కేంద్ర ప్రభుత్వం 2020లో జారీచేసిన బొమ్మల నాణ్యత నియంత్రణ ఉత్తర్వు 2021 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. 14 ఏళ్లలోపు పిల్లలు ఆడుకునే బొమ్మలపై ఐఎస్‌ఐ ముద్ర ఉండి తీరాలన్నది దీని సారాంశం. మెత్తటి బొమ్మలు సైతం ఇందులోకి వస్తాయి. నాసిరకం దిగుమతులను అరికట్టే ఉద్దేశంతోనే బొమ్మలపై దిగుమతి సుంకాన్ని 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచారు.

ఇంట్లో నలుగురు కలిసి బొమ్మలు కుట్టేవారికి పరీక్షల ఖర్చు, లైసెన్సు మోయలేని భారం. అందుకే 2020 డిసెంబరులో ఉత్తర్వును సవరించి, కేంద్ర హస్తకళల అభివృద్ధి కమిషనర్ వద్ద నమోదైన కళాకారులు స్వయంగా తయారుచేసి అమ్మే వస్తువులకు మినహాయింపు ఇచ్చారు. భౌగోళిక గుర్తింపు పొందిన బొమ్మలకూ ఇది వర్తిస్తుంది. కాబట్టి గుడ్డబొమ్మలతో వ్యాపారం తలపెట్టేవారు ముందుగా హస్తకళాకారుల గుర్తింపు కార్డుకు దరఖాస్తు చేసుకోవాలి. మినహాయింపు ముద్రకే గాని భద్రతకు కాదన్నది మరువరాదు. పిల్లల దుస్తులకు ఈ ఉత్తర్వు వర్తించదు.

కుట్టుకూలి లెక్క

ప్రభుత్వ పాఠశాలల విద్యార్థుల యూనిఫాం కుట్టే పనిని మహిళా సంఘాలకు అప్పగించిన రాష్ట్ర ప్రభుత్వం 2024లో జతకు కుట్టుకూలిని రూ.50 నుంచి రూ.75కు పెంచింది. రోజుకు నాలుగు జతలు కుట్టగలిగితే రూ.300 వస్తుంది. దారం, కరెంటు ఖర్చులు పోను మిగిలేది కూలి. అయితే ఇది బడులు తెరిచే ముందు వచ్చే పని. ఏడాది పొడవునా ఉండదు.

మిగిలిన నెలల్లో పిల్లల దుస్తులు ఆదుకోగలవా అంటే, లెక్క వేసుకోకుండా దిగితే ఆదుకోలేవు. ఉదాహరణకు ఒక గౌనుకు గుడ్డ రూ.80, అస్తరు రూ.30, దారం, గుండీలు రూ.10 అయ్యాయనుకుందాం. రెండు గంటల శ్రమకు గంటకు రూ.60 చొప్పున కలిపితే రూ.240 అవుతుంది. టోకున కుట్టిన రెడీమేడ్ గౌను బజారులో రూ.200కే దొరికితే ధరలో పోటీపడలేం. చాలామంది తమ శ్రమను లెక్కలో వేసుకోకుండా రూ.150కే అమ్మి, లాభం వచ్చిందని భ్రమపడతారు. నిజానికి ఆ రెండు గంటల శ్రమకు దక్కింది రూ.30 మాత్రమే.

రెడీమేడ్ ఇవ్వలేనిది ఇచ్చినప్పుడే ఇంటి కుట్టుకు విలువ. అచ్చమైన నూలు, పిల్ల ఒంటికి తగ్గ కొలత, ఏడాది తర్వాత విప్పుకునే మడత, తల్లీకూతుళ్లకు ఒకే గుడ్డ, బాలింతకు ఇచ్చే జుబ్బాలు, టోపీ, పొత్తిగుడ్డలు, బొంత కలిసిన కట్ట వంటివి ఆ కోవలోకి వస్తాయి. బతుకమ్మ, దసరా, సంక్రాంతి గిరాకీ కాలాలు. రెండేళ్లకోసారి మాఘమాసంలో సూర్యాపేట సమీపాన దురాజ్‌పల్లిలో జరిగే పెద్దగట్టు జాతర బొమ్మల అమ్మకానికి అనువైన సందర్భం.

శిక్షణ, రుణ సౌకర్యం

కేంద్రం 2023 సెప్టెంబరు 17న ప్రారంభించిన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో దర్జీ పని, సంప్రదాయ బొమ్మల తయారీ రెండూ ఉన్నాయి. ఎంపికైనవారికి శిక్షణ రోజుల్లో రోజుకు రూ.500 భత్యం, పరికరాలకు రూ.15 వేల విలువైన ఈ-వోచర్ ఇస్తారు. 5 శాతం వడ్డీకి తొలివిడత రూ.లక్ష, అది చెల్లించాక రెండో విడత రూ.2 లక్షల వరకు పూచీకత్తు లేని రుణం పొందవచ్చు. 18 ఏళ్లు నిండి ఉండాలి. కుటుంబంలో ఒక్కరికే అవకాశం. ఆధార్, బ్యాంకు ఖాతా, రేషన్ కార్డు వివరాలతో కామన్ సర్వీస్ సెంటర్‌లో నమోదు చేసుకోవాలి. తొలి పరిశీలన గ్రామ పంచాయతీ లేదా మున్సిపాలిటీ స్థాయిలో జరుగుతుంది.

నమోదుకు రుసుము లేదు. ఉచిత కుట్టుమిషన్ ఇప్పిస్తామంటూ ఫోన్లకు వచ్చే సందేశాలను నమ్మి డబ్బు కట్టవద్దు. ఓటీపీ చెప్పవద్దు. సొంతంగా మిషన్ కొనేవారికి 2025 సెప్టెంబరు 22 నుంచి కుట్టుమిషన్లపై జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. బొమ్మలపై పన్నూ అదే రోజు నుంచి 5 శాతమైంది. సంఘాల్లో సభ్యులైన వారు పల్లెల్లో సెర్ప్, పట్టణాల్లో మెప్మా సిబ్బందిని కలిసి బ్యాంకు లింకేజీ రుణాలు, కుట్టు శిక్షణ వివరాలు తెలుసుకోవచ్చు.